పుష్కరానికో వంతెన!

గోదావరి మీద రాజమహేంద్రవరం దగ్గర నాలుగు వంతెనలున్నాయి. ఒకటి మూడేళ్లు నిండకుండానే పూర్తయింది. ఇంకొకటి పుష్కరాలు ముంచుకొచ్చేదాకా ఊరించింది. అన్నిటికంటే పెద్దదేమో రైళ్లకు సెలవిచ్చి, విహార వంతెనగా మారడానికి శంకుస్థాపన కోసమే ఇరవై ఎనిమిదేళ్లు కాచుకుంది. ఆ కథేంటో చూద్దాం రండి.

తెల్లవారుజాము. రైలు కొవ్వూరు దాటగానే పెట్టెలో కదలిక మొదలవుతుంది. పై బెర్తులో నిద్రపోతున్న పిల్లాణ్ని అమ్మ తట్టి లేపుతుంది. తాతయ్య చొక్కా జేబు తడుముకుని రూపాయి బిళ్ల తీసి మనవడి చేతిలో పెడతారు. 'దణ్ణం పెట్టుకుని వెయ్యి నాన్నా' అంటారు. కిటికీ పక్కగా తెల్లటి కమానులు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటాయి. వాటి సందుల్లోంచి పక్కనే ఇంకో వంతెన కనిపిస్తుంది. రాతి స్తంభాలు, తుప్పు రంగు ఇనుప దూలాలు.

'దాని మీద రైళ్లు పోవా తాతయ్యా?'

'అది రిటైరైపోయిందిరా.'

'మరి అలా ఉంచేశారేం?'

'పార్కులా చేస్తారట.'

'ఎప్పుడు?'

తాతయ్య దగ్గర జవాబుండదు. అదే ప్రశ్నను ఆయన కూడా ఎప్పట్నుంచో అడుగుతున్నారు మరి!

మూడేళ్లు నిండకుండానే...

ఆ రిటైరైన పెద్దాయన పేరు హేవలాక్ వంతెన. 1890ల్లో అటు కొవ్వూరు వైపు, ఇటు రాజమండ్రి వైపు పట్టాలు వచ్చాక కూడా మధ్యలో ఉన్న నదిని దాటాలంటే పడవే దిక్కు. వరదొస్తే ఆ దారీ బందే. మద్రాసు నుంచి హౌరా వరకూ రైలు ఆగకుండా పోవాలంటే గోదావరిని గెలవాల్సిందే. ఆ పని ఎఫ్.టి.జి. వాల్టన్ అనే ఇంజినీరుకు అప్పగించారు. అప్పటికే కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన కట్టిన అనుభవం ఆయనది.

1897 నవంబరు 11న పని మొదలైంది. 1900 ఆగస్టు 30న వంతెన మీద రాకపోకలు మొదలయ్యాయి. అంటే రెండేళ్ల తొమ్మిది నెలల పైచిలుకు. పొడవు 2.7 కిలోమీటర్లు. ఒక్కోటి 150 అడుగుల వెడల్పున 56 స్పాన్లు. కంప్యూటరు లేదు, నేటి భారీ క్రేన్లు లేవు. అయినా సరిగ్గా తొంభై ఏడేళ్లు రైళ్లను మోసింది. పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్‌ది.

'అప్పుడు మూడేళ్లలో కట్టారు. ఇప్పుడెందుకు కట్టలేరు?' పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చున్న ఏ పెద్దమనిషిని కదిపినా వినిపించే మాటే ఇది. సగం నిజమే. మిగతా సగం నది అడుగున ఉంది.

నది ఇచ్చేది ఎనిమిది నెలలే

గోదావరిలో వంతెన పని ఏడాది పొడవునా సాగదు. జులైలో ఎర్రనీరు దిగిందంటే అక్టోబరు దాకా నదిలో పునాదులకు సెలవే. మిగిలిన ఎనిమిది నెలల్లోనే ఏం చేసినా. ఒక్క వేసవిలో పని వెనకబడితే అది నెల ఆలస్యంతో పోదు, వరద పోయి మళ్లీ ఇసుక తేలేదాకా ఆగాలి.

పైకి కనిపించే స్తంభం అసలు కష్టం కాదు. దాని కింద బావి ఉంటుంది. ఇక్కడి నదిలో పైన ఉండేది ఇసుకే. అందుకే కాంక్రీటుతో గానీ రాతితో గానీ బావి ఒరలాంటి గుండ్రటి గోడ కట్టి, లోపలి ఇసుక తోడుతూ పోతారు. తోడినకొద్దీ ఆ బరువుకు అది కిందికి దిగుతుంది. దిగినంత మేర పైన మళ్లీ కడతారు. గట్టి నేల తగిలేదాకా ఇదే తంతు. దిగేటప్పుడు ఒక పక్కకు ఒరిగిందా, సరిచేయడానికే వారాలు పడుతుంది. గట్టు మీద నిలబడి చూసేవారికి మాత్రం 'ఎక్కడ వేసిన గొంగళి అక్కడే' అన్నట్టు కనిపిస్తుంది.

మరి వాల్టన్‌కు కూడా ఇదే నది, ఇదే ఇసుక కదా! నిజమే. అయితే ఆయనది ఒక్క లైను రైలు వంతెన. ఇప్పటి రోడ్డు వంతెనకు నది మీద పొడవు ఎంతో, గట్ల మీద దారి అంతకు రెండింతలు. ఆ దారిలో పొలాలుంటాయి, కొబ్బరి తోటలుంటాయి, ఇళ్లుంటాయి. వాటి పరిహారాలు తేలాలి. కోర్టు కేసులు తెగాలి. అప్పిచ్చే బ్యాంకులు ఒప్పుకోవాలి. నదిలో ఇసుక తోడటం కంటే కాగితాల్లో చిక్కులు తోడటమే కష్టం.

ఒక్కో వంతెనా ఒక్కో తరం

రెండోది రోడ్డు-రైలు వంతెన. 1974లో వచ్చింది. కింద రైలు, పైన బస్సు. రోడ్డు పొడవు 4.1 కిలోమీటర్లు. అప్పట్లో ఆసియాలోనే పేరున్న వంతెన. కొవ్వూరు నుంచి రాజమండ్రి కాలేజీకి సైకిలు మీద వచ్చిన కుర్రాళ్ల తరం దీనిది. రాజమండ్రి వైపు ఊరు అడ్డం రావడంతో వంతెన చివర వంపు తిరుగుతుంది. బస్సు ఆ మలుపు తిరిగేటప్పుడు గోదావరి మొత్తం ఒక్కసారిగా కళ్లముందు పరుచుకుంటుంది. వయసు మీద పడటంతో దీనికీ తరచూ వైద్యం తప్పడం లేదు. 2023లో మరమ్మతుల కోసం రోడ్డును కొన్ని వారాలు మూసేస్తే, అది ఎంత ముఖ్యమో రెండు ఊళ్లకూ తెలిసొచ్చింది.

మూడోది ఆర్చి వంతెన. 1991లో, అంటే పుష్కరాల ఏడాదిలోనే మొదలై 1997లో రైలుకు దారిచ్చింది. విల్లు ఆకారంలో 28 కాంక్రీటు కమానులు. ఒక్కో స్పాను 97.55 మీటర్లు. రాజమహేంద్రవరం అనగానే క్యాలెండర్ల మీదా, సినిమా పాటల్లోనూ కనిపించే బొమ్మ ఇదే. ఆరేళ్లు పట్టినా ఎవరూ పెద్దగా విసుక్కోలేదు. పక్కన హేవలాక్ పనిచేస్తూనే ఉంది కదా!

నాలుగోది కొవ్వూరు దగ్గర నది దాటి దివాన్‌చెరువు దగ్గర జాతీయ రహదారిని కలిసేది. జనం నోట గామన్ బ్రిడ్జి. నది మీద నాలుగు కిలోమీటర్ల పైన, చేరుకునే దారులతో కలిపితే దాదాపు పద్నాలుగు. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టి టోలు వసూలు చేసుకునే పద్ధతి. విసుగంతా దీంతోనే వచ్చింది. స్తంభాలు లేచాయి, దూలాలు రాలేదు. దూలాలు వచ్చాయి, దారి కలవలేదు. 'ఈ ఏడాదే' అన్న మాట ఏళ్ల తరబడి నడిచింది. ఇటు జాతీయ రహదారి లారీలేమో రావులపాలెం మీదుగా కోనసీమ అంచు చుట్టి పోయేవి. చివరికి 2015 పుష్కరాల ఏడాదిలో కొత్త వంతెన వాహనాల్ని మోసింది.

1991లో ఒకటి మొదలైంది, 2015లో ఒకటి ముగిసింది. అందుకే ఇక్కడ ఏ పనికైనా గడువు అడిగితే 'పుష్కరాలకి' అంటారు. ఏ పుష్కరాలకన్నదే అసలు ప్రశ్న!

పార్కు ఎప్పుడు?

ఇక మళ్లీ పెద్దాయన దగ్గరికొద్దాం. 1997లో ఆర్చి వంతెన రాగానే హేవలాక్‌కు విశ్రాంతి ఇచ్చారు. అప్పట్నుంచీ ఊళ్లో కబుర్లే కబుర్లు. తుక్కు కింద అమ్మేస్తారని ఒకసారి, పర్యాటక వంతెన చేస్తారని మరోసారి. వంతెన రైల్వేది, ముచ్చట ఊరిది, డబ్బు ఇవ్వాల్సింది ప్రభుత్వం. ఈ మూడూ ఒకచోట కలవాలంటే మాటలా? 2003 పుష్కరాలు వెళ్లాయి. 2015 పుష్కరాలూ వెళ్లాయి. వంతెన అలాగే ఉంది.

కదలిక 2025లో వచ్చింది. ఆ ఏడాది జూన్ 26న ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, కేంద్ర పర్యాటక మంత్రి గజేంద్రసింగ్ షెకావత్ 'అఖండ గోదావరి' ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. కేంద్ర సాయంతో 94.44 కోట్ల రూపాయల పని. హేవలాక్ వంతెనను విహార స్థలంగా తీర్చిదిద్దడం, పుష్కర ఘాట్ అభివృద్ధి ఇందులో ముఖ్యమైనవి. 2027 పుష్కరాలను దృష్టిలో పెట్టుకునే ఈ ఏర్పాటు.

మంచిదే. కానీ ఈ ఊరికి గడువుల గురించి ఇంకో చేదు జ్ఞాపకం కూడా ఉంది. 2015 జులై 14, పుష్కరాల మొదటి రోజు. పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. ఘాట్ ముస్తాబైంది. రంగులు వేశారు, దీపాలు పెట్టారు. అంతమంది ఒకేసారి వస్తే ఎటు వెళ్లాలన్న దారి మాత్రం చాలలేదు.

పాత వంతెనల విషయంలో గుజరాత్ నేర్పిన పాఠమూ ఉంది. మోర్బీలో పందొమ్మిదో శతాబ్దపు వేలాడే వంతెనకు మరమ్మతులు చేసి 2022 అక్టోబరులో తెరిచారు. తెరిచిన నాలుగైదు రోజులకే, అక్టోబరు 30న, అది తెగి 135 మంది చనిపోయారు. హేవలాక్ వేలాడేది కాదు, రాతి స్తంభాల మీద నిలబడినదే. అయినా రైలు కోసం కట్టిన నూట పాతికేళ్ల ఇనుము మీద పిల్లాపాపలతో జనం నడవాలంటే దూలాల్ని, స్తంభాల్ని, కటకటాల్ని అంగుళం అంగుళం పరీక్షించాలి. ఒకేసారి ఎందరు ఎక్కవచ్చో తేల్చాలి. అందుకు పట్టే రోజుల్ని ఆలస్యం అనకూడదు. ఫైలు బల్ల దాటడానికి పట్టే రోజుల్ని మాత్రం అనాల్సిందే. ఏ పని ఎందుకు ఆగిందో ఘాట్ దగ్గర ఒక బోర్డు మీద రాసి పెడితే సగం విసుగు అక్కడికక్కడే తీరుతుంది.

వంతెన కింద ఊరు

ఈ వంతెనల నీడలోనే ఒక లంక ఉంది. పేరే బ్రిడ్జిలంక. నెత్తి మీదుగా రోజూ బోలెడన్ని రైళ్లు పోతాయి. లంకలో ఉండేవాళ్లు గట్టుకు రావాలంటే మాత్రం పడవే. వరదొస్తే సామాను, పశువులతో ఒడ్డుకు చేరాల్సిందే. నాలుగు వంతెనలు పక్కనే ఉన్నా వాళ్ల లెక్కలో ఇంకా పడవల కాలమే. 2022లో జిల్లాలు మారాక కొవ్వూరు, రాజమహేంద్రవరం ఒకే తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చాయి. రెండు గట్లూ ఒకటయ్యాయి. మధ్యలోని లంక మధ్యలోనే ఉంది.

చూడాలనుకుంటే...

వంతెనల్ని చూడాలంటే సాయంత్రం పుష్కర ఘాట్‌కు వెళ్లాలి. గోదావరి స్టేషన్ పక్కనే. హేవలాక్, ఆర్చి వంతెనలు అక్కణ్నుంచి బాగా కనిపిస్తాయి. రోడ్డు-రైలు వంతెన మీదుగా కొవ్వూరు వెళ్తే గోష్పాద క్షేత్రం చూడొచ్చు. కాస్త ఓపికుంటే ధవళేశ్వరం వెళ్లి కాటన్ మ్యూజియం కూడా చూసి రావచ్చు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టిన కథ అక్కడుంది. అలసిపోతే ఊళ్లోకొచ్చి చల్లటి రోజ్‌మిల్క్ తాగడం మరిచిపోవద్దు.

తిరుగు రైల్లో పిల్లలు ఎలాగూ 28 కమానులూ లెక్కపెడతారు. పక్కనున్న పెద్దాయనవి 56 కూడా లెక్కపెట్టమనండి. 'పార్కు ఎప్పుడు?' అని వాళ్లు మళ్లీ అడుగుతారు. ఈసారి తాతయ్యకు చెప్పడానికి ఒక ఏడాది పేరైనా ఉంది... 2027.