నాగోబా ముందు అర్జీ

నాగోబా జాతర కోసం పుష్య అమావాస్య నాటికి ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ చేరాను. మెస్రం వంశపు గోండులు అప్పటికే మర్రిచెట్ల కింద బండ్లు విప్పారు. కలమడుగు దగ్గర గోదావరిలోని హస్తినమడుగు దాకా కాలినడకన, చెప్పులు లేకుండా వెళ్లి, ఝరి అనే పాత్రలో నీళ్లు తెచ్చారు. అర్ధరాత్రి మహాపూజలో సర్పదేవత నాగోబాకు ఆ నీళ్లతోనే అభిషేకం.

ఇక్కడ పూజ ఒక్కటే జరగదు. మెస్రం ఆడపడుచులు, అల్లుళ్లు కలిసి మట్టి తెచ్చి పుట్ట కడతారు. కొత్త కోడళ్లను తెల్లచీరల్లో దేవుడి ముందుకు తీసుకొస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. నర్సింగు చదువుతున్న కోడలి కొంగు సర్దుతూ ఓ అత్త నాతో అంది: "పెండ్లి ఎప్పుడో అయింది బిడ్డా. నాగోబకు చూపెట్టినంకనే మా ఇంటి పిల్ల."

గుడి ఇప్పుడు నల్లరాతిది. మెస్రం కుటుంబాలు ఏళ్ల తరబడి చందాలు వేసుకుని కట్టుకున్నాయి. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ చేశారు. ఉద్యోగాలకు పట్నం వెళ్లిన పిల్లలూ ఆ చందాల లెక్కలో ఉన్నారు. చదువొస్తే ఆచారం పోతుందనే మాట ఇక్కడ నిలబడదు.

పూజ తర్వాతి రోజుల్లో అధికారులు అర్జీలు వినే దర్బారు. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల కష్టాలు తెలుసుకోమని నిజాం సర్కారు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఈ కొండలకు పంపింది. కచేరీ గడప తొక్కడానికి జంకే జనం దేవుడి దగ్గరికైతే తప్పక వస్తారు. అందుకే ఆయన చొరవతో అధికారులే జాతరకు రావడం మొదలైంది. కేస్లాపూర్ ఉన్న ఈ ఇంద్రవెల్లి మండలంలోనే 1981 ఏప్రిల్ 20న భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు తుపాకులు పేల్చారు. అది తలుచుకుంటే ఈ దర్బారు విలువ నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. ఆ భూమి మాటే ఇక్కడ కలెక్టరు ఎదుట నిలబడి చెప్పుకోవచ్చు.

వరుసలో నా ముందున్న పెద్దాయన పోడు పట్టా కోసం వచ్చాడు. ప్లాస్టిక్ కవరులో పాత అర్జీలన్నీ ఉన్నాయి.

"ఆఫీసుకు పోతే రేపు రమ్మంటరు. ఈడ దేవుని ముంగట కూసున్నరు గద, ఇనాలె."

ఆయన వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అర్జీ తీసుకుని రసీదు ఇచ్చారు. ఆయన కదల్లేదు. సర్వేకు మనిషిని ఏ నెలలో పంపుతారో చెప్పమన్నాడు. చెప్పాల్సిందే. దేవుడి పేరు మీద పిలిచి అర్జీ పుచ్చుకున్నవాళ్లు గడువు కూడా అక్కడే, అందరూ వినేలా చెప్పాలి.