అరిగిందా... చిరిగిందా?

కోనసీమలో మోకాలికి ఏమొచ్చినా ఒకటే మాట... ‘గుజ్జు అరిగిపోయింది’. డెబ్భై ఏళ్ల మామ్మకీ అదే. కబడ్డీలో కాలు మెలిపడిన కుర్రాడికీ అదే. కొబ్బరిచెట్టు దిగుతూ జారిపడ్డ దింపు కార్మికుడికీ అదే!

నిజానికి మనం గుజ్జు అనేది రెండు రకాలు. టెంకకి అంటుకున్న కొబ్బరిలా ఎముకల చివర్లను నున్నగా కప్పి ఉంచేది ఒకటి. ఎముకల మధ్య వాషర్లలా ఒదిగి ఉండే రెండు నెలవంకలు మరొకటి. వీటినే డాక్టర్లు మెనిస్కస్ అంటారు. వయసుతో అరగడం వేరు, కాలు మెలిపడి చిరగడం వేరు.

ఆ తేడాని అక్షరాలతో, అంకెలతో రాసేదే మెడికల్ కోడింగ్. 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టియాన్ తయారుచేసిన మరణ కారణాల జాబితా దీనికి మూలం. 1948 నుంచి ఆ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థది. అమెరికా ఆసుపత్రులు 2015 అక్టోబరు 1న పదో కూర్పులోకి మారాయి. ఆ కోడ్లు వేసే పని హైదరాబాద్‌లోనూ సాగుతోంది. బీఎస్సీలు, బీఫార్మసీలు చదివిన పిల్లలెందరో అందులో ఉన్నారు.

రాజోలు వైపు ఓ ఇల్లు అనుకుందాం. తండ్రి దింపు కార్మికుడు, కూతురు హైదరాబాద్‌లో కోడర్. ఆమె పట్టికలో అరుగుదలకి ఎం17. మెనిస్కస్ కొత్తగా చిరిగితే ఎస్83.2, పాత చిరుగైతే ఎం23.2. ఎముక మీది పొర చిరిగితే ఎస్83.3. కుడికాలా ఎడమకాలా అన్నదానికి ఓ అంకె. గాయానికైతే చివర్లో ఓ అక్షరం... చికిత్స నడుస్తుంటే ‘ఏ’, కోలుకుంటుంటే ‘డి’. దెబ్బ ఎలా తగిలిందో చెప్పడానికీ కోడ్ ఉంది. చెట్టు మీంచి పడితే డబ్ల్యూ14... కోనసీమని చూసి రాసినట్టే!

ఎక్కడో అమెరికాలో ఉన్నవాళ్ల మోకాలి కథ ఆమెకి అంత వివరంగా తెలుస్తుంది. ఇంటికి ఫోన్ చేసి ‘‘ఏ కాలు నాన్నా? ఎప్పట్నుంచి?’’ అంటే మాత్రం ‘‘ఏం లేదే అమ్మాయ్, గుజ్జు అరిగిందంతే’’ అంటాడాయన. చెట్టెక్కకపోతే ఆ రోజు కూలి లేదు. నొప్పి ఉందని తెలిస్తే పనికి పిలవరేమోనని భయం. అందుకే జారిన సంగతి డాక్టరుకీ చెప్పడు. చీటీ మీద ‘మోకాలి నొప్పి’ అని పడుతుంది. కోడ్ భాషలో అది ఎం25.56. అందులో చెట్టూ లేదు, పడటమూ లేదు.

నష్టం అక్కడే. చెట్లెక్కేవారి కోసం కొబ్బరి అభివృద్ధి మండలి ‘కేర సురక్ష’ పేరుతో ప్రమాద బీమా తెచ్చింది. ప్రమాద బీమా అడిగేది ప్రమాదం గురించే కదా! దెబ్బ సంగతి కాగితం మీద లేకపోతే అడగడానికి ఆధారమేదీ? వైద్యం సంగతీ అంతే. మెనిస్కస్ లోపలి అంచుకి రక్తప్రసరణ తక్కువ, అక్కడి చిరుగు దానంతటది అతుక్కోవడం కష్టం. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి, చిరుగు కనిపించదు. ఎమ్మారై అవసరమా కాదా అని డాక్టరు తేల్చాలన్నా ముందు జరిగింది తెలియాలి.

చెప్పాల్సింది నాలుగు ముక్కలే. ఏ కాలు? ఏ రోజు? ఏం చేస్తుండగా? నడుస్తుంటే మోకాలు పట్టేస్తోందా, వాస్తోందా? కోడ్ ఎంత పెద్దదైనా రోగి నోటివెంట రాని మాట అందులోకి రాదు. ఇంట్లో పెద్దాయన ‘గుజ్జు అరిగింది’ అని నవ్వేస్తే, పిల్లలు ఇంకొక్క ప్రశ్న అడగాలి... ‘‘అరిగిందా, చిరిగిందా?’’