మా యెంగిలికంచము

2015వ సంవత్సరమున, మాకు పందొమ్మిదవ యేడు నడుచుచుండగా, ఫిలిప్పీన్సు దేశమున రెండేండ్లు మతప్రచారము చేయవలసినదని ఉత్తరువు వచ్చెను. మాది రాజమహేంద్రవరము. మేము చేరిన సంఘము అమెరికాలో పుట్టినది. యేసుక్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘమని దాని పేరు. అందు యువకులు రెండేండ్లును, యువతులు పదునెనిమిది మాసములును ఇల్లు విడిచి ప్రచారమునకు పోవుట వాడుక. జీతమనునది లేదు. పోవలసిన దేశమును కోరుకొను స్వేచ్ఛయు లేదు. మేము లోకమును ఉద్ధరింపబోవుచున్నామనియే యనుకొంటిమి. ఆ వయసున అట్లనుకొనుట పెద్ద నేరము కాదు.

మా తల్లి పది తెల్లచొక్కాలను ఇస్త్రీ చేయించి పెట్టెలో సర్దుచు, "ఇవన్నీ అక్కడ ఎవరు ఉతుకుతారురా నాయనా?" అని యడిగెను. "ఎవరో ఒకరు ఉంటారులే అమ్మా" అంటిమి. మా యక్క ప్రక్కనే కూర్చుండి ఆవకాయ సీసా మూతకు గుడ్డ బిగించి కట్టుచుండెను. ఆమె తలయెత్తి మావంక ఒకమారు చూచి, మరల తన పనిలో పడెను. ఆ చూపున కర్థము మాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

మనీలాలోని శిక్షణాలయమున కొన్ని వారములుండి, పానయ్ ద్వీపమందలి ఇలోయిలో నగరము చేరితిమి. అచ్చట మాకు ఎల్డరని పిలుపు. ఎల్డరనగా పెద్ద. మీసమైనను సరిగా రాని మమ్ము ఏబదియేండ్లవారు సైతము పెద్దా, పెద్దా యని పిలుచుచుండగా లోలోపల మురిసిపోవుచుంటిమి. ఉదయము 6-30 గంటలకు లేవవలెను. రాత్రి 10-30 గంటలకు దీపమార్పవలెను. నడుమ చదువు, ప్రార్థన, ఎండలో వీథివీథి తిరుగుట. సోమవారమునాడు మాత్రము బట్టలుతుకుకొనుటకును, సరకులు కొనుటకును, కంప్యూటరు మీద ఇంటికి ఉత్తరము వ్రాయుటకును విడుపు. ఇంటివారితో ఫోనున మాటలాడుట ఆ దినములలో ఏటికి రెండే పర్యాయములు: క్రిస్మసున కొకమారు, మాతృదినమున కొకమారు. 2019 ఫిబ్రవరినుండి వారమున కొకమారు మాటలాడవచ్చునని సడలించిరి. అది మా తరువాతివారి భాగ్యము.

వీటన్నిటికంటె కఠినమైన నిబంధన మరియొకటి కలదు. ప్రచారకుడు ఒంటరిగా నుండరాదు. ఇరువురు జతగా నుండి, ఒకరి కంటికిని చెవికిని ఒకరు అందునంత దూరముననే రేయింబవళ్లు మెలగవలెను. ఆ జతగానిని మనము ఎంచుకొనము, పైవారు నిర్ణయింతురు. ఆరు వారముల కొకసారి మార్పులు ప్రకటింతురు. అప్పుడు జత మారినను మారును, లేకున్న లేదు. తరువాతి కాలమున ఈ సంగతి చెప్పగా విని, మా పెదతల్లి కూతురొకతె నవ్వి, "ఇందులో వింత ఏముందిరా? మాకు జరిగేదీ ఇదే కదా, ఆ ఆరు వారాల మాట ఒక్కటి తప్ప!" అనెను. మేము బదులు చెప్పలేకపోయితిమి.

మా మొదటి జతగాడు ఇలోయిలోకు ఎదురుగా సముద్రమున కావలనున్న నీగ్రోస్ ద్వీపమువాడు. అది చెరకుతోటల సీమ. మాకంటె ఒక్కయేడు పెద్ద. పొట్టివాడు, మితభాషి. అచ్చటి హిలిగైనోన్ భాష అతనికి తల్లిభాష. మాకు కొరుకుడు పడనిది. ఆ భాషలో తల్లిని నానాయ్ అనియు, తండ్రిని తాతాయ్ అనియు అందురు. మా చెవికి తల్లి నాన్నయై, తండ్రి తాతయై కూర్చుండిరి. ఒక యింట తాతాయ్ వచ్చుచున్నాడని చెప్పగా, మేము తలుపువైపు ముసలివాని కొరకు చూచుచు, ఎదుట నిలిచిన ముప్పదియేండ్ల గృహస్థుని పలుకరింపనే లేదు.

తిండి విషయమున మాత్రము కష్టపడలేదు. అచ్చట మూడుపూటలును అన్నమే. మునగాకును వారు మలుంగ్గాయ్ అని పులుసులలో వేసికొందురు. కందులను కాద్యోస్ అందురు. ఆ కందులను పనసకాయ ముక్కలతోను పందిమాంసముతోను ఉడికించి, బాత్వాన్ అను పుల్లని కాయ వేసి కాచిన పులుసు ఇలోయిలోవారికి ప్రాణము. కందిని ముద్దపప్పుగా నెయ్యితో తప్ప ఎరుగని మాకు, అది ఊదారంగు పులుసులో తేలియాడుచుండగా చూచి, పరదేశమున మనవాడొకడు వేషము మార్చుకొని కనబడినట్లుండెను. ఎవరి గడపముందుగా పోయినను "కాఓన్ తా" యని లోనినుండి కేక వచ్చును. తిందము రమ్మని దాని యర్థము. ఉన్నది పిడికెడైనను ఆ కేక వేయక మానరు.

మొదటి రాత్రి భోజనమైన పిదప మేము కంచమును బల్లమీదనే విడిచి, చేయి కడుగుకొని లేచితిమి. ఇందు మా దురుద్దేశ మేమియు లేదు. పుట్టినది మొదలు అట్లే లేచుచుంటిమి. కంచము తనంతట తానే మాయమై, మరుపూటకు తళతళలాడుచు ముందునకు వచ్చుట సూర్యోదయము వంటి ప్రకృతిధర్మమని యనుకొంటిమి కాబోలు. జతగాడు మావంక చూచెను. పిమ్మట తన కంచముతోపాటు మా కంచమును తీసికొనిపోయి, సన్నగా ఏదో పాడుకొనుచు తోమెను. మరునాడును అంతే. పదునొకండు దినములు అట్లు జరిగెను. పదునొకండని ఇంత నిక్కముగా ఎట్లు తెలియునందురేమో. అతడు లెక్కపెట్టియుంచెను.

మన యిండ్లలో ఎంగిలి ఎత్తుట ఎవరి పనియో చదువరులకు వేరుగ చెప్పవలెనా? తల్లి, అక్క, చెల్లెలు, భార్య. కలిగినవారి యింట పనికత్తె. మేము క్రైస్తవులము, హెచ్చుతగ్గులు పాటింపమని సభలలో చెప్పుకొనువారమే. ఎంగిలికంచము విషయమున మాత్రము మా యింటికిని, మా యిరుగుపొరుగుల యిండ్లకును ఇసుమంతయు భేదము లేదు.

పండ్రెండవనాడు సోమవారము. పది చొక్కాలును మాసినవి. జతగాడు పెరటిలో చేతిపంపువద్ద, పలంగానా యను వెడల్పు తొట్టిలో తన బట్టలు నానబెట్టి సబ్బుతో రుద్దుచుండెను. మేము మా మూటను ప్రక్కన దింపి, వంద పేసోల నోటు చూపి, వీనిని కూడ ఉతికిపెట్టు మంటిమి. సహాయము చేయుచున్నామనియే మా భావము. అతనికి డబ్బు చాలదని మాకు తెలియును. అతడు లేచి, చేతులు తుడుచుకొని, నోటును నాలుగు మడతలు మడిచి మా జేబులో పెట్టి, మెల్లగా ఇట్లనెను: "మా యమ్మ ఊరివారి బట్టలు ఉతికి నన్ను ఇక్కడికి పంపినది. నీ కంచమును పదునొకండు దినములు తోమితిని, సోదరుడవని తోమితిని. ఇప్పుడు డబ్బు చూపితివి గనుక ఇక తోమను."

సిగ్గుపడవలసినచోట మాకు కోపము వచ్చెను. పది చొక్కాలను తొట్టిలో ముంచి, పిండి, అట్లే తీగెమీద వేసితిమి. మురికి చెక్కు చెదరలేదు.

మూడు దినములు మాటలు లేవు. వేరొక చోటనైన కోపము వచ్చినవాడు వీథిలోనికి పోవును, స్నేహితుని యింటికి పోవును. మాకు ఆ వీలును లేదు. అతడు ముందు, మేము వెనుక, కనుచూపుమేరలోనే నడువవలెను. గృహస్థుల యిండ్లలో కూర్చుండి, పొరుగువానిని నిన్నువలె ప్రేమింపవలెనని మేమొక మాట చెప్పిన, తరువాతి మాట అతడు అందుకొనవలెను. పొరుగువాడు మా మోకాలికి మోకాలు తగులుచు కూర్చుండియే యున్నాడు. వానితో మాకు మాట లేదు! హారో పేటలో దేవాలయమొక వైపునను, దాని గంటగోపురము వీథికి ఆవలివైపునను వేరువేరుగా నిలిచియుండును. ఆ రెంటి నడుమగా దినమున కెన్నిమార్లు నడిచితిమో చెప్పలేము.

ఆ పేటలో ఒక అవ్వ, బియ్యపుపిండితో ఆవిరిమీద వండు పుతో యను కుడుములు అమ్ముకొని జీవించుచుండెను. అవి మన యిడ్లీలకు దూరపుచుట్టములు. ఆ అవ్వ మొత్తముమీద మూడు మాసములు మా బోధ విన్నది. మా సంఘమున చేరలేదు. తన జపమాల విడువలేదు. మాకు కుడుములు పెట్టుటయు మానలేదు. మాటలు లేని ఆ మూడవనాడు ఆమె మేము చెప్పినదంతయు ఓపికతో విని, "చాల బాగున్నది. మీరిద్దరు ఎందుకు పోట్లాడుకొన్నారు?" అని యడిగెను. ఇరువురమును తలలు వంచుకొంటిమి. ఆమె ఒక్కటే పళ్లెములో ఆరు కుడుములుంచి, మా నడుమ పెట్టి, లోనికి పోయెను.

తినుట ముగిసెను. పళ్లెము మిగిలెను. జతగాడు కదలలేదు. మేము దానిని తీసికొని పెరటిలోనికి పోయి, సబ్బెక్కడ నున్నదో అడుగుటకు మొగము చెల్లక, వట్టినీటితో కడిగి తెచ్చితిమి. అవ్వ దానిని వెలుతురున కెత్తి చూచి, మరల కడుగుకొనెను. ఆ సంగతి వేరు. దారిలో జతగాడు మొదటిమారుగా నోరు విప్పి, "జిడ్డునకు సబ్బు వలయును" అనెను.

తరువాతి సోమవారము అతడు మాకు చొక్కా ఉతుకుట నేర్పెను. మెడపట్టీని ముందు రుద్దవలెను. తెల్లబట్టలను నురుగుతోనే ఎండలో పరచి కొంతసేపు ఉంచవలెను. పాలో-పాలో యను చెక్కబద్దతో బొత్తాములు పగులకుండ, అదను చూచి బాదవలెను. మొదటి చొక్కాకు రెండు బొత్తాములు పోయినవి. నాలుగవ చొక్కాకు మా వ్రేళ్ల చర్మము లేచెను. ఉతుకుచునే అతడు తన యింటి సంగతి చెప్పెను. చెరకు నరకుట ముగిసినది మొదలు మరల గానుగ ఆడువరకు కూలి దొరకని నెలలను నీగ్రోసులో స్పానిషుమాటతో తియెంపో మ్వెర్తో అందురట. చచ్చిన కాలమని యర్థము. ఆ నెలలలో తండ్రి చేతికి పని లేదు. తల్లి ఉతుకు బట్టల మీదనే ఇల్లు నడుచుచుండెను. చిన్ననాటినుండియు ఆమెకు నీళ్లు మోసి, దుప్పట్ల రెండవకొన పట్టుకొని పిండినవాడు ఇతడు. "మా యమ్మ చేతులను చూచిన నీవు నాకు నోటు చూపియుండవు" అనెను. ఆ మాటతో మాకు జ్ఞప్తికి వచ్చినవి అతని తల్లి చేతులు కావు. ఆవకాయ సీసాకు గుడ్డ కట్టుచున్న మా యక్క చేతులు.

మన సీమకు వచ్చిన దొరల కథలు మేము బాల్యమున చాల వింటిమి. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతమున, క్లౌ దొర కాలములో, ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరని లెక్కతో సహా చెప్పుదురు. మనవారును పోయిరి. 1903లో తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలునకు, కూలికై పోయిన తెలుగువారి వద్దకు పంపిరి. ఈ లెక్కలన్నియు గ్రంథములకెక్కినవి. దొరల బంగళాలలో వంటవారును, చాకళ్లును, నీళ్లు మోయువారును ఉండుటయు అందరెరిగినదే. ఆ కంచముల లెక్క మాత్రము ఎవరును వ్రాయలేదు. మా బోధవలన సంఘమున చేరినవారెందరని మమ్ము నేటికిని అడుగువారు కలరు. బహు కొద్దిమంది.

ఆ క్రిస్మసునాడు ఇంటికి ఫోను చేసితిమి. అమ్మ మాటలాడలేక ఏడ్చుచు ఫోనును అక్క చేతికిచ్చెను. చెప్పవలెనని నెలదినములుగా కూర్చుకొనిన మాటలన్నియు ఎటుపోయెనో తెలియదు.

"ఏం చేస్తున్నావక్కా?"

"అంట్లు తోముతున్నాను. నువ్వేం చేస్తున్నావురా?"

"నేనూ అదే అక్కా."

ఫోను తెగినదేమో యనునంతసేపు మాట లేదు. "అబద్ధాలాడకు" అనెను.

జనవరిలో జతగానిని వేరొక ఊరికి మార్చిరి. పోవుచు తన చెక్కబద్దను మాకు విడిచిపోయెను. తరువాత మాకు పెక్కుమంది జతలైరి. అందు అమెరికావాడొకడు మొదటి సోమవారమున మాసిన బట్టలమూటతో పెరటిలోనికి వచ్చి, యంత్రమెక్కడ నున్నదని యడిగెను. ఎవరో ఒకరుందురని మేము పోయితిమి, ఏదో ఒకటుండునని అతడు వచ్చెను. అతనికి మెడపట్టీని ముందు రుద్దవలెనని చెప్పితిమి.

2017లో ఇల్లు చేరితిమి. అక్కకు అప్పటికి పెండ్లియైనది. మమ్ము చూచుటకు భర్తతో వచ్చియుండెను. అందరమును కలిసి భుజించితిమి. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. తినుట కాగానే మేము కంచము చేతబట్టి లేచితిమి. మా తల్లి దిగ్గున లేచి, "అయ్యో, నువ్వెందుకురా! బావగారు చూస్తున్నారు, ఏమనుకుంటారు?" అని కంచమును పట్టుకొనెను. ఆమె ఒకవైపు, మేమొకవైపు. ఆమె కన్నుల నీరు నిండెను. పరదేశమున కొడుకుచేత అంట్లు తోమించిరని ఆమె దుఃఖము. అది దుఃఖింపదగినది కాదని ఆమెకు ఏ మాటలతో చెప్పవలయునో, రెండేండ్లు ఇంటింట బోధ చేసి వచ్చిన మాకు తోచలేదు.

"వాడికివ్వమ్మా" అనెను అక్క. తాను లేచి వచ్చి, తన కంచమును మా చేతిలోని కంచముమీద పెట్టి, "ఇదీ పట్టుకెళ్లు" అనెను.

బావగారు తన కంచమును ఏమి చేయవలెనో తోచక దానివంక చూచుచు కూర్చుండిరి.