మేము పెట్టిన వరుస

ఒక కార్యాలయపు లెక్కలను ఇంటినుండియే వ్రాయుట మా వృత్తి. అందులకై వారిచ్చిన కంప్యూటరు మా వంటయింటి ప్రక్కగదిలో నున్నది. ప్రతి నెలాఖరునను జీతముల పట్టీని సాయంకాలములోపల పంపవలెను. మేము ఆలస్యము చేసినచో పెక్కు కుటుంబములకు జీతము ఆలస్యమగును.

కంప్యూటరులో నొకేసారి అనేక పనులు జరుగుచుండును. వానిలో దేనిని ముందు చూడవలెనో యంత్రమునకు తెలుపుటకు ప్రాధాన్యమను వరుస గలదు. విండోసులో నీ వరుసకు 6 మెట్లు. టాస్క్ మేనేజరు తెరచి వానిని మనమే మార్చవచ్చును. గడచిన నెలాఖరున, ఫైళ్లకు నకళ్లు తీయు కార్యాలయపు ప్రోగ్రామొకటి యంత్రమునంతయు నాక్రమించుటచే, దానిని అడుగుమెట్టున నుంచితిమి. పట్టీ చురుకుగా సాగెను. పావుగంట కాలేదు, మరల నదే తంటా! చూడగా ఆ ప్రోగ్రాము పైమెట్టున నున్నది. మూడుమార్లు దింపితిమి, మూడుమార్లును ఎక్కెను.

తప్పు మాదే యని మాకు మొదట తోచినది. ఇంటిలో నే వస్తువు కనబడకున్నను ముందుగా మనల మనమే యనుమానించుకొందుము గదా! పట్టీ రాత్రి 8 గంటలకు గాని పోలేదు. “ఇంటిపనులలో బడి ఆలస్యము చేసితిరి” అని పైయధికారి యనెను. ఆ మాట మాకు మిక్కిలి కష్టముగా నుండెను.

మరునాడు, ప్రోగ్రామును మేమెప్పుడు దింపితిమో, అది యెప్పుడెక్కెనో గంటలు నిమిషములతో వ్రాసి పంపితిమి. అప్పుడు యంత్రముల బాధ్యత గల యువకుడు నిజము చెప్పెను. “అమ్మా, మీ తప్పు లేదు. టాస్క్ మేనేజరులో మనము పెట్టిన వరుస ఆ ప్రోగ్రాము మూయునంతవరకే. మూసి తెరచినచో పోవును. నడుచుచుండగనే తన మెట్టును తానే మార్చుకొను ప్రోగ్రాములును గలవు. ఇదియు నట్టిదే.” అతడా నకళ్ల పనిని రాత్రి 10 గంటలకు మార్చెను. పైయధికారి తన మాటను ఉపసంహరించుకొనెను.

ఆ యువకుడే మరియొక సంగతి చెప్పెను. యూనిక్సు యంత్రములలో నీ వరుసకు ‘నైస్’, అనగా మంచితన మని పేరు. ఆ యంకె పెద్దదైన కొలది ఆ పని యితరులకు దారి యిచ్చి వెనుక నిలుచును. దానిని పెంచుట యెవరికైనను సులభమే. తగ్గించుటకు మాత్రము సాధారణముగా పైయధికారము కావలెను. అందరికిని వడ్డించి కడపట భుజించు మనకీ లెక్క క్రొత్తది కాదని నవ్వుకొంటిమి.

యంత్రము మాట వినకున్నచో వెంటనే మనల మనము నిందించుకొనక, జరిగినదానిని కాలముతో సహా వ్రాసియుంచుట మేలని మా యనుభవము.