మోకాళ్ల నొప్పి – మన కర్తవ్యము

మన యిండ్లలో జ్వరము వచ్చినవారికి మంచము దొరకును. దగ్గు వచ్చినవారికి కషాయము దొరకును. మోకాళ్లు నొచ్చు నిల్లాలికి మాత్రము "వయసు వచ్చినది గదా" యను మాటయే దొరకును. ఆమెయు నామాటనే నమ్మి యొక్కొక్క పనిని విడిచిపెట్టుచు వచ్చును. మొదట పీటపై గూర్చుండుట మానును; తరువాత మేడ యెక్కుట మానును; పిమ్మట గుడికి బోవుట మానును. తుదకు వీధిగుమ్మము దాటుటకే యొకరి చేయి కావలసి వచ్చును. ఈ దురవస్థను చాలవఱకు దప్పించుకొనవచ్చునని చెప్పుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాకు 52వ యేట నీ బాధ యారంభమైనది. ముగ్గు వేసి లేచునపుడు కుడిమోకాలు కలుక్కుమనుచుండెను. వైద్యురాలు పరీక్షించి యిది ఆస్టియో ఆర్థరైటిస్ అని చెప్పిరి. లోకమున దీనినే "గుజ్జు అరిగినది" అందురు. ఎముకల కొనలను గప్పియుండు నునుపైన మృదులాస్థి యిందు పలుచబడును. అంతమాత్రమే కాదు, కీలు లోపలి పొరలు, ఎముకలు, చుట్టునున్న కండరములు గూడ మార్పు చెందును. ఏబది యేండ్లు దాటిన స్త్రీలలో నిది పురుషులలోకంటె నెక్కువగా గానవచ్చును. స్థూలకాయము, పూర్వము తగిలిన దెబ్బలు, వంశపారంపర్యము, చిరకాలము గొంతుకూర్చుండి చేయు పనులు దీనికి దోహదము చేయును.

దీని గుర్తులు తెలిసికొనుట కష్టము కాదు. నడచినపుడును, మెట్లు దిగునపుడును నొప్పి హెచ్చును, విశ్రమించిన దగ్గును. ఉదయము లేవగానే కీలు బిగిసియుండును గాని సాధారణముగా 30 నిమిషములలోపల సడలును. చాలసేపు కూర్చుండి లేచినపుడు మొదటి నాలుగడుగులు కష్టముగా నుండును. కీలు వంచినపుడు కిఱకిఱ చప్పుడగును. కొందఱి చేతివ్రేళ్ల చివరి కణుపులయొద్ద గట్టి బుడిపెలు లేచును. ఆంగ్ల వైద్యుడు విలియం హెబర్డెన్ వీనిని వర్ణించిన గ్రంథము 1802లో వెలువడినందున, నేటికిని వానిని హెబర్డెన్ బుడిపెలనియే పిలుచుచున్నారు.

ఉదయపు బిగువు గంటసేపైనను వదలక, రెండు చేతుల మణికట్లును వ్రేళ్ల మొదళ్లును వాచి, నీరసము గలిగిన నది రుమటాయిడ్ అను వేఱొక కీళ్లవాతము గావచ్చును. దానికి మందులు వేఱు, ఆలస్యము తగదు. కీలు ఎఱ్ఱబడి వేడెక్కి జ్వరము వచ్చినను, పడినపిమ్మట కాలు మోపలేకున్నను నానాడే వైద్యుని జూడవలెను.

ఇక ముఖ్యమైన మాట. నొప్పిగా నున్నపుడు కదలకుండుటయే మేలని మన పెద్దలు తలచెదరు. కాని కదలని కాలి కండరము క్షీణించును. క్షీణించిన కండరము కీలును నిలుపలేదు. అందువలన నొప్పి మఱింత పెరుగును. తొడ ముందుభాగపు కండరమును బలపఱచుటయే దీనికి మేలైన చికిత్సలలో నొకటి. కుర్చీలో నిటారుగా గూర్చుండి, యొక కాలిని నెమ్మదిగా ముందునకు జాచి, 5 లెక్కించువఱకు నిలిపి దింపవలెను. ఒక్కొక్క కాలికి 10 పర్యాయములు, దినమునకు రెండు పూటలు చేసిన జాలును. సమతలముపై నడకయు మంచిదే. మొదట గొంచెము నొప్పి తోచినను భయపడి మానరాదు. మఱునాటికిని హెచ్చుగా నుండినచో కొంత తగ్గించి చేయవలెను. మేము పప్పు ఉడుకులోపల నీ సాధన ముగించుచుందుము. మూడు నెలలకు మేడమెట్లు సులువైనవి. నొప్పి పూర్తిగా బోలేదు గాని మమ్మేలుట మానినది.

దేహభారమును దగ్గించుకొనుట రెండవది. ఒక కిలో బరువు తగ్గినచో నడచునపుడు ప్రతి యడుగునను మోకాలిపై సుమారు 4 కిలోల భారము తగ్గునని పరిశోధకులు కనుగొనిరి. పిల్లలు విడిచిన యన్నము పారవేయ మనసొప్పక తినుట మన స్త్రీలకు గల యలవాటు. దానిని మానుట యిందులకు మొదటి మెట్టు.

ఇంటిలో జిన్న మార్పులును మేలుచేయును. కత్తిపీటను విడిచి బల్లపై కూరలు తఱుగుట, పూజకు గొంచెమెత్తైన పీఠము వేసికొనుట, కుర్చీవంటి మరుగుదొడ్డి నమర్చుకొనుట మంచిది. మెట్లెక్కునపుడు మంచి కాలు ముందు, దిగునపుడు నొప్పి కాలు ముందు వేయవలెను. చేతికఱ్ఱను నొప్పిలేని ప్రక్క చేతితో బట్టవలెను. దీనికి సిగ్గుపడ బనిలేదు.

మందుల విషయమున జాగ్రత్త యవసరము. పైపూత మందులు మొదట వాడదగినవి. నొప్పి మాత్రలను స్వయముగా గొని నెలలతరబడి మ్రింగినచో కడుపులో పుండ్లు, మూత్రపిండములకు హాని కలుగవచ్చును. రక్తపుపోటు గలవారికి మఱింత ప్రమాదము. పేరు తెలియని పొడులలో స్టెరాయిడ్లు కలిసియుండుటయు గలదు. ఇవేవియు బనిచేయక, నిద్రయు నడకయు జెడినపుడు కీలుమార్పిడి శస్త్రచికిత్స యున్నది. మార్చిన మోకాళ్లలో 100కి సుమారు 80 వఱకు 25 సంవత్సరములు నిలుచుచున్నవని 2019లో ప్రకటింపబడిన యొక పరిశీలన తెలుపుచున్నది. ఎక్స్‌రే చిత్రమును మాత్రమే చూచి దీనికి దొందరపడరాదు. చిత్రములో నరుగుదల హెచ్చుగా నున్నను నొప్పి కొద్దిగా నుండువారు పెక్కుమంది గలరు.

కావున మీ తల్లియో, అత్తగారో గోడ పట్టుకొని లేచుచున్నట్లు కనబడిన, వారు చెప్పువఱకు వేచియుండకుడు. మీరే యడుగుడు. వైద్యునియొద్దకు దోడుపొండు. సాయంకాలము వారితోగూడ వీధి చివరవఱకు నడువుడు. నొప్పి మీకే యున్నచో దానిని దాచకుడు. ఇంటిపని కొంత యితరుల కప్పగించిన గృహమునకు లోటు రాదు. ఇల్లాలు మూలబడిన మాత్రము ఇల్లంతయు గుంటుపడును.