గులాబీ రంగు చెరువు

అనంతపురం నుంచి తాడిపత్రి రోడ్డు పట్టుకుంటే ఊరు దాటీ దాటకముందే బుక్కరాయసముద్రం చెరువుకట్ట కనిపిస్తుంది. విజయనగర బుక్కరాయల కాలం నాటి చెరువిది. కట్ట తెగబోతుంటే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ తనను తాను బలిచ్చుకుని ఊరిని కాపాడిందని ఇక్కడ చెప్పుకొంటారు. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యానికి ఈ కథే మూలం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నికరంగా పడని సీమలో నీళ్లెక్కువై ప్రాణం తీసిన కథ!

కట్ట మీద కూర్చుని ఫోనులో ‘గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్’ తెరిచాను. ఐరోపా కమిషన్ పరిశోధన కేంద్రం, గూగుల్ కలిసి 2016లో తెచ్చిన పటమిది. 1984 నుంచి లాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన 30 లక్షలకు పైగా చిత్రాలను జల్లెడపట్టి, ఎక్కడ ఎన్నిసార్లు నీళ్లు కనిపించాయో లెక్కగట్టారు. పరారుణ కాంతిని నేల తిప్పికొడుతుంది, నీరు మింగేస్తుంది. అదే గుర్తు. ఎప్పుడూ నీళ్లుంటే నీలం, ఎప్పుడో ఓసారి నిండితే గులాబీ. వానను నమ్ముకున్న మన చెరువులకు ఎక్కువగా దక్కేది గులాబీయే.

గొర్రెలు కాస్తున్న పెద్దాయన తొంగిచూశాడు.

“ఏం సార్, మా చెరువు ఆకాశం నుంచి కనపడతాదా?”

“కనపడుతుంది పెద్దాయనా. ఎప్పుడెప్పుడు ఎండిందో కూడా.”

“అది మాకు గుర్తే గదా!”

ఆయనకు గుర్తుంది. ప్లాటు కొనేవాడికి ఉండదు. నాలుగేళ్లు ఎండితే చాలు, చెరువు అంచు బీడుభూమి అయిపోతుంది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలు మునిగాయి. స్థలం బేరమాడే ముందు పంచాంగం చూసేవాళ్లు ఈ పటం కూడా ఓసారి చూస్తే బాగుండు.

మనుషులకు అక్కర్లేని ఆ అంచే పక్షులకు కంచం. చిలమత్తూరు దగ్గరి వీరాపురానికి ఏటా ఎర్రకాళ్ల కొంగలు (జనం నోట సైబీరియా కొంగలు) వచ్చి చెట్ల మీద గూళ్లు కడతాయి. అవి చేపలు పట్టేది చుట్టుపక్కల చెరువుల్లో, అదీ లోతు తక్కువ నీళ్లలోనే.

హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం నడిపే ‘భువన్’ 2009 నుంచీ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు, ఖర్చు లేదు. అయితే ఉపగ్రహానికి లోతు తెలియదు. మబ్బు పడితే చూపు ఆనదు. తుమ్మచెట్ల కింది నీళ్లు దొరకవు.

“మా ఊరి కుంట చూపించు సార్” అన్నాడు పెద్దాయన.

ఎంత వెతికినా లేదు. ఆ పటంలో ఒక్కో గడి 30 మీటర్లు. కుంట దాంట్లో కలిసిపోయింది.

ఆయన కర్ర ఎత్తి చూపించాడు. “అదో, ఆ తుమ్మచెట్లకు అవతల.”