చంబల్ ఒడ్డున ఒక శీతాకాలపు ఉదయం

ఢిల్లీ నుండి హైదరాబాదుకు రైలులో వచ్చే మన ఉద్యోగ మిత్రులలో అనేకులు, ఆగ్రా దాటిన తరువాత ధోల్‌పూర్, మొరేనా స్టేషన్ల నడుమ ఒక పొడవైన వంతెనను చూచే ఉంటారు. ఇరువైపులా వానలకు కోసుకుపోయిన ఎత్తైన మట్టిగుట్టలు, నడుమ నిర్మలంగా పారే నీరు. అదే చంబల్ నది. ఒకనాటి బందిపోట్ల కథలు చెప్పుకొంటూ ఎన్నోసార్లు కిటికీలోంచి చూచి దాటిపోయిన ఈ నదిని, ఒకసారైనా ఒడ్డున దిగి చూడాలని ఉద్యోగరీత్యా ఉత్తరాదిన ఉన్న మేము మూడు కుటుంబాలవారము నిశ్చయించుకొన్నాము. అటవీశాఖ అనుమతి తీసుకొని, ఒక జనవరి ఆదివారం ఉదయాన మొరేనా వైపునున్న రాజ్‌ఘాట్ చేరుకొన్నాము.

మేము వెళ్ళేసరికి నది కనబడలేదు. దట్టమైన మంచు తెర వెనుక నీటి చప్పుడు మాత్రమే వినిపిస్తున్నది. "సూర్యుడు రానిదే ఇక్కడ ఎవరూ బయటికి రారు, మనుషులైనా సరే, జంతువులైనా సరే" అన్నాడు మాకు దారి చూపిన వృద్ధుడు. ఫ్లాస్కులోని టీ ముగించేసరికి మంచు విచ్చుకొన్నది.

ముందుగా కనిపించినవి పక్షులు. ఇటుకరంగు దేహాలతో జంటగా తిరుగుతున్న బాతులను చూపి వాటి పేరడిగితే, ఆయన "చక్వా-చక్వీ" అన్నాడు. మా ఆనందానికి మేర లేదు. తెలుగు కావ్యాలలో రాత్రివేళ ఎడబాటుతో విలపించే జక్కవలు ఇవే! పద్యాలలో మాత్రమే ఎరిగిన పక్షిని కళ్ళారా చూడటం అదే ప్రథమం. ఆవల, తలపై రెండు నల్లని చారలు గల బాతుల గుంపు ఎండ కాగుతున్నది. శీతాకాలం గడపటానికి హిమాలయాలను దాటి వచ్చే పక్షులవి. ఇంతలో స్కిమ్మర్ పక్షులు నీటిని ఆనుకొని ఎగురుతూ వచ్చాయి. వాటి నారింజరంగు ముక్కులో కింది భాగం పై భాగం కంటె పొడవు. దానితో నీటిని చీలుస్తూ, తగిలిన చేపను ఒడిసిపట్టడం వాటి నేర్పు. మా కెమెరాలకు విరామం లేదు.

పది గంటల వేళకు ఎదుట ఇసుకతిన్నె మీద పొడవైన దుంగలవంటివి కనిపించాయి. అవి ఘరియాళ్ళు. సన్నని పొడవాటి మూతి, ఆ మూతినిండా వందకు పైగా పళ్ళు. చేపలే వాటి ప్రధాన ఆహారం. వయసు వచ్చిన మగదాని ముక్కు కొనపై చిన్న కుండవంటి బుడిపె ఉంటుంది. హిందీలో 'ఘడా' అంటే కుండ. ఆ కుండే ఈ జీవికి పేరు తెచ్చిపెట్టింది.

1970ల మధ్యకాలానికి మన దేశంలోని నదులలో ఘరియాళ్ళు రెండు వందలు కూడా మిగలలేదని అంచనా. అప్పుడే, 1975లో, మొసళ్ళ సంరక్షణ పథకం ఆరంభమైంది. గుడ్లు సేకరించి, పిల్లలను పెంచి నదిలో విడిచిపెట్టారు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌ల పరిధిలో 1970ల చివర జాతీయ చంబల్ అభయారణ్యం ఏర్పడింది. నేడు ప్రపంచంలోని ఘరియాళ్ళలో అత్యధిక భాగానికి ఈ నదే ఆశ్రయం. అయినా గండం గడవలేదు. 2007-08 శీతాకాలంలో వందకు పైగా ఘరియాళ్ళు ఈ నదిలోనే మరణించాయి. శవపరీక్షలలో వాటి మూత్రపిండాలు దెబ్బతిన్నట్లు తేలింది.

ఈ సంగతులు వింటూనే మేము ఒక పొరపాటు చేశాము. ఒడ్డుకు దగ్గరగా పెద్ద మగ ఘరియాల్ ఒకటి పడుకొని ఉన్నది. దాని కుండ స్పష్టంగా కనబడేలా ఒక ఫొటో కావాలని మాలో ఒకరు ముందుకు కదిలారు. వృద్ధుడు చేయి అడ్డుపెట్టి వారించాడు. "ఇంకొక పది అడుగులే కదా" అన్నాము మేము. ఆ మాట ఒక్కరిది కాదు, అందరిదీ. అయిదో అడుగు పడేలోగా ఆ జీవి పొట్టపై జారుతూ నీటిలో మునిగిపోయింది. దాని వెనుకనే తక్కినవి కూడా ఒక్కొక్కటిగా దిగిపోయాయి. తిన్నె శూన్యమైంది.

వృద్ధుడు కోపగించుకోలేదు. "రాత్రంతా చల్లటి నీటిలో ఉండి వచ్చాయి బాబూ. వాటి ఒంట్లో వేడి పుట్టదు, ఎండే ఇవ్వాలి. ఇప్పుడు మళ్ళీ చలిలోకి వెళ్ళాయి" అన్నాడు, అంతే. పెరిగిన ఘరియాల్ మొసలిలాగా కాళ్ళపై లేచి నడవలేదు. ఒడ్డెక్కాలంటే బరువైన దేహాన్ని ఇసుకమీద ఈడ్చుకొంటూ రావలసిందే.

"నాన్నా, అవి మళ్ళీ ఎప్పుడొస్తాయి?" అని మా పిల్లవాడు అడిగాడు. సమాధానం చెప్పలేక, అందరమూ వెనక్కి నడిచి ఒక మట్టిగుట్ట చాటున కూర్చున్నాము. గంట గడిచింది. మొదట ఒక సన్నని మూతి నీటిపై తేలింది. చాలాసేపటికి రెండు చిన్నవి మాత్రం ఒడ్డెక్కాయి. ఆ పెద్దది మేమున్నంతసేపూ రానేలేదు.

ఈ నదికి ప్రాచీన నామం చర్మణ్వతి. మహాభారతం దీనిని రంతిదేవునితో ముడిపెట్టింది. ఆకలితో అలమటిస్తూ కూడా, తనకు మిగిలిన గుక్కెడు నీళ్ళను దాహార్తునికి ధారపోసిన ఆ రాజు కథను పోతన భాగవతంలో మనమందరమూ చదువుకొన్నదే. ఆయన నది ఒడ్డున నిలిచి మేము వదులుకోవలసింది ఒక ఫొటో మాత్రమే. అదైనా వదులుకోలేకపోయాము.

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఈ యాత్రకు అనువైన కాలం. వెళ్ళదలచిన మిత్రులు ముదురురంగు సాదా దుస్తులు ధరించాలి. బైనాక్యులర్లు, వీలైతే టెలిఫోటో లెన్సు వెంట ఉంచుకోవాలి. దారి చూపేవారు ఆగమన్నచోట ఆగాలి.

ఆనాడు తీసిన ఫొటోలలో జక్కవల జంటది చక్కగా వచ్చింది. కాని మా ఇంటి గోడకు తగిలించుకొన్నది మరొకటి. అందులో జంతువేదీ లేదు. ఖాళీ ఇసుకతిన్నె, నీటిదాకా ఈడ్చుకుపోయిన ఒక వెడల్పాటి జాడ, దాని ముందు మా అయిదు అడుగులు.